ఆ ఏడు పైనుంచి రెండు పడ్డాయి

అబ్బయా, ఇట్టా దగ్గరికి జరుగు. పాపా, నువ్వు ఆ గోడకు ఆనుకో, లేకపోతే సగంలోనే కునుకు తీస్తావు. 1979 నాటి ముచ్చట చెబుతాను. ఇది గబగబా అయిపోయేది కాదు. మధ్యలో గుంటూరు పోతాను, ఆస్ట్రేలియా పోతాను, మళ్లీ మన పులికాట్ గట్టుకే వస్తాను. మీకు తొందరుంటే ఉండనీయండి, నాకు లేదు.

ఆ ఏడు నెల రోజుల తేడాలో పైనుంచి రెండు పడ్డాయి. ఒకటి అమెరికా వాళ్లది. అది మన నెత్తిన పడుతుందని ఊరంతా వణికింది. రెండోది మనది. అది పడాల్సింది కాదు. మొదటిది పడ్డాక ఊపిరి పీల్చుకున్నాం. రెండోది పడ్డాక ఎవరికీ అన్నం సయించలేదు. ఈ రాకెట్ల పిచ్చి నీకెట్టా పట్టిందమ్మా అని మీ అమ్మ ఎప్పుడూ అడుగుతుంటుంది కదా, ఆ నెలలోనే పట్టింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు.

ముందు మన ఊరి సంగతి చెప్పాలి. అప్పుడు మనది నెల్లూరు జిల్లా. తిరుపతి జిల్లా అనేది 2022లో వచ్చింది. మా నాయనకు బకింగ్‌హాం కాలవ పక్కన కట్టెల అడితి ఉండేది. గ్యాసు బండ తప్ప మరో పొయ్యి ఎరగని పిల్లలకు అడితి అంటే ఏం తెలుస్తుందిలే! మదరాసులో పొయ్యి వెలగాలంటే శ్రీహరికోట దీవిలో కొట్టిన కట్టె పోవాలి. సరుగుడు కట్టెను పడవలకెత్తి కాలవ మీద పంపేవాళ్లు. గాలి కలిసొస్తే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడమే. మా నాయన తూకం అయ్యాక చివర్లో ఒక కట్టె అదనంగా పడేసేవాడు. కొసరు లేని బేరం బేరమే కాదు ఆ రోజుల్లో. కూరగాయలమ్మి కొసరుగా కరివేపాకు పెట్టాలి, పాలమ్మి ఒక చెంచాడు వంచాలి. లేకపోతే మొహాన్నే అడిగేవాళ్లు, దాంట్లో నామోషీ లేదు.

అట్టాంటి కట్టెల దీవిని 1969లో రాకెట్ల కోసం ఎంచుకున్నారు. ఎందుకంటే తూర్పున ఎంత దూరం చూసినా సముద్రమే. రాకెట్ పైకి పోతూ వదిలేసే ఖాళీ దొన్నలు నీళ్లలో పడతాయి గానీ ఎవరి ఇంటి మీదా పడవు. ఇంకో సంగతి ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, ఇక్కడి నుంచి తూర్పు దిక్కుకు వదిలితే ఆ తిరుగుడే రాకెట్‌కు సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం కలిపి ఇస్తుంది. మా నాయన వేసే ఆఖరి కట్టె లాంటిదే అది, భూమి వేసే కొసరు.

ఆ దీవి ఖాళీగా పడి ఉందనుకోకండి. యానాదులు తరతరాలుగా ఉన్నారక్కడ. ఏ చెట్టున తేనె ఉందో, ఏ పొద కింద దుంప ఊరిందో, ఏ వేరు ఏ జబ్బుకు పనికొస్తుందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రాకెట్ కేంద్రం వచ్చాక చానా కుటుంబాలు ఆ అడవి విడిచి గట్టుకు ఇవతల బతకాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరినప్పుడు జేజేలు పలికే నోటితోనే ఈ మాట కూడా చెప్పాలి. చెప్పకుండా దాటేసే వాళ్లంటే నాకు గిట్టదు.

1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. దాని పేరు రోహిణి-125. ఆ 125 అనేది దాని అడ్డకొలత, మిల్లీమీటర్లలో. అంటే జానెడు కూడా లేదు. తర్వాత తర్వాత మలయాళం వాళ్లు, అరవం వాళ్లు, ఉత్తరాది వాళ్లు ఉద్యోగాలకు వచ్చి సూళ్లూరుపేటలో అద్దెకు దిగడం మొదలెట్టారు. మా వీధిలోకి ఒక కుర్రాడు వచ్చాడు, సన్నగా, కళ్లద్దాలతో. ఎదురింటి పెద్దమ్మ రెండు రోజులు గమనించి, మూడో రోజు మజ్జిగ చెంబు పట్టుకుపోయి అడిగింది. “నాయనా, నువ్వు కూడా ఎక్కుతావా అందులో? మీ అమ్మకు చెప్పే వచ్చావా?” ఎక్కేది లేదు, కింద కూర్చుని లెక్కలు వేయడమే నా పని అని అతను ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. ఎక్కే వాడిని ఎక్కువ రోజులు ఆకలితో ఉంచకూడదని వారానికి రెండుసార్లు కూర పంపేది. అతను మాత్రం ఎందుకు వద్దంటాడు!

ఆ రోజుల్లో రెండు రూపాయల నోటు వెనక ఆర్యభట్ట ఉపగ్రహం బొమ్మ ఉండేది. 1975లో రష్యా వాళ్ల రాకెట్ మీద పంపిన మన మొదటి ఉపగ్రహం అది. ఆ నోటు తీసుకుపోతే బజారులో ఇద్దరం ఇడ్లీ తిని కాఫీ తాగి చిల్లర కూడా తెచ్చుకునేవాళ్లం. నోటు చేతికొస్తే ఖర్చు పెట్టబుద్ధి కాక బొమ్మ చూస్తూ కూర్చునేదాన్ని. సరే, నోట్ల సంగతికి పోతే తెల్లారుతుంది. స్కైలాబ్ దగ్గరికి వద్దాం.

స్కైలాబ్ అంటే అమెరికా వాళ్లు 1973 మేలో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. బరువు 77 టన్నులు. మూడు విడతలుగా మనుషులు పోయి ఉండి వచ్చారు, ఆఖరి విడత వాళ్లు 84 రోజులున్నారు. 1974 నుంచి అది ఖాళీగా తిరుగుతోంది. దాన్ని ఇంకాస్త పైకి నెట్టేందుకు షటిల్ అనే కొత్త అంతరిక్ష నౌక తయారవుతుందనుకున్నారు, కానీ అది మొదటిసారి ఎగిరిందే 1981లో. ఈలోపల సూర్యుడు ఉగ్రంగా ఉండి పైనున్న గాలి పొర వేడెక్కి ఉబ్బింది. ఆ పలచటి గాలే స్కైలాబ్‌ను కొంచెం కొంచెంగా కిందికి లాగింది. ఇదంతా ఆ కళ్లద్దాల కుర్రాడు అరుగు మీద కూర్చుని చెబుతుంటే ఎవరు విన్నారు? ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే కాలం. రేడియోలో వార్త వచ్చింది ఒక ముక్క, ఊళ్లోకి చేరింది పది ముక్కలై. నెల్లూరు మీదే పడుతుందట, కాదు కాదు, సరిగ్గా మన చెరువులోనే పడుతుందట!

జనాన్ని తప్పుపట్టను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. ఆకాశం నుంచి, సముద్రం నుంచి ఏం వచ్చినా నమ్మే స్థితిలో ఉన్నారు తీరం వాళ్లు. చావు ఎట్టాగూ తప్పదని తేలాక ఆకలి పెరిగింది. కోళ్లు కోశారు, పొట్టేళ్లు కోశారు. పన్నెండు రూపాయల కోడిపెట్టను ఆరుకే ఇచ్చేస్తామన్నారు కొందరు, కొనేవాళ్లు లేరు, అందరి ఇంట్లోనూ కూర ఉడుకుతోంది. సంక్రాంతి దాకా దాచిన నెయ్యి తీశారు. అప్పు ఇచ్చిన వాళ్లు ఈ రోజే వసూలు చేసుకోవాలని తిరుగుతుంటే, తీసుకున్న వాళ్లు రేపు తెల్లారితే ఇస్తామని తప్పించుకు తిరిగారు. పదేళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు పలకరించుకున్నారు. తోటలో ఒకరి హద్దు రాయి ఇంకొకరు జరిపిన సంగతి కూడా ఒకాయన బయటపెట్టేశాడు. పాపం, తెల్లారాక ఆ రాయి దగ్గరే మళ్లీ గొడవ.

చలించనిది మా అవ్వ ఒక్కతే. ఆమె 1910లో హేలీ తోకచుక్కను చూసిన మనిషి. అప్పుడు పదేళ్ల పిల్ల. ఆ ఏడు మే 6న ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ పోతే, తోకచుక్కే తీసుకుపోయిందని ఇక్కడి వాళ్లంతా ఖాయం చేసుకున్నారట. “ఆకాశంలో సగం పరుచుకున్న చుక్కే నన్నేం చేయలా, ఈ డబ్బా ఏం చేస్తుంది!” అని తన పదకొండు కోళ్లలో ఒక్కదాన్నీ ముట్టుకోనివ్వలేదు. మేం అడిగి అడిగి అలిసిపోయాం. పక్కింటి వాసనలు పీలుస్తూ పప్పన్నం తిన్నాం.

జులై 11న రాత్రి పది దాటాక అది హిందూ మహాసముద్రం మీద విరిగి, మిగిలిన ముక్కలు పడమటి ఆస్ట్రేలియాలో పడ్డాయి. మనిషి ఎవరికీ దెబ్బ తగల్లేదు. మనిషన్నవాడికి ఎవరికైనా తగిలే అవకాశం 152లో ఒక వంతని అమెరికా వాళ్లు ముందే లెక్క కట్టారు. ఎస్పరెన్స్ అనే ఊరి దగ్గర పదిహేడేళ్ల కుర్రాడు ఇంటి కప్పు మీద పడిన ముక్కలు ఏరుకుని, మొదట తెచ్చిచ్చిన వాళ్లకు బహుమానం ప్రకటించిన శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక దగ్గరికి విమానమెక్కి పోయాడు. 10,000 డాలర్లు ఇచ్చారు. ఆ ఊరి వాళ్లేమో బహిరంగ ప్రదేశంలో చెత్త వేసినందుకు నాసా మీద 400 డాలర్ల జరిమానా వేశారు. ముప్ఫై ఏళ్ల తర్వాత, 2009లో, అమెరికాలో ఒక రేడియో ఆయన తన శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి ఆ జరిమానా కట్టాడు.

మన ఊళ్లో మిగిలింది మా అవ్వ కోళ్లే. 35 పైసల గుడ్డు అర్ధరూపాయి అయింది. ఆమె అందరికీ అమ్మింది, ఎవరినీ ఎత్తిపొడవలేదు, కాకపోతే ప్రతి గుడ్డుకూ తోకచుక్క కథ వినిపించింది.

ఇక రెండోది. అదే ఏడు ఆగస్టు 10. ఎస్ఎల్‌వీ-3 అని మన సొంత రాకెట్. 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు. మన గడ్డ మీది నుంచి మన రాకెట్‌తోనే ఉపగ్రహాన్ని పైకి పంపాలని మొదటి ప్రయత్నం. దాని బాధ్యత అబ్దుల్ కలాం గారిది. అప్పటికి ఆయన పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు, కళ్లద్దాల కుర్రాడి నోట విన్నదే. పొద్దున్నే మిద్దెలెక్కాం. సముద్రం వైపు ఒక వెలుగు లేచింది, దాని వెనక తెల్లటి పొగ దారం. చాలాసేపటికి శబ్దం వచ్చింది, గుండెల్లోకి. ఎదురింటి పెద్దమ్మ ఏడ్చేసింది, ఆ పిల్లాడు ఎక్కేశాడేమో అని. మేం చూసినంతవరకూ అది నిటారుగా పోయింది. బజారులో ఒక మిఠాయి కొట్టాయన పిల్లలందరికీ తలా ఒక కమ్మరకట్టు పంచిపెట్టాడు.

కానీ 317 సెకన్లకు అది బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశను అదుపు చేసే భాగంలో ఒక కవాటం మూసుకోక, ద్రావకం ముందే కారిపోయిందని తర్వాత తేలింది. మేం మిఠాయి నములుతున్న సమయానికే అది నీళ్లలో ఉంది. రేడియోలో విన్నాక బజారు బజారంతా నోరు మెదపలేదు. స్కైలాబ్ కోసం అంత గోల చేసిన ఊరే, ఆ రోజు అట్టా కూర్చుండిపోయింది. కుర్రాడు మూడు రోజులకు గానీ ఇంటికి రాలేదు. వచ్చిన రోజు పెద్దమ్మ ఏమీ అడగలేదు. అరిటాకు వేసి, పక్కన కూర్చుని, “పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదు నాయనా, తిను” అంది.

ఆ రోజు పత్రికల వాళ్ల ముందుకు కలాం గారిని పంపకుండా ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ గారే వెళ్లి కూర్చున్నారు. బాధ్యత నాది, నా వాళ్లు వచ్చే ఏడు చేసి చూపిస్తారని చెప్పారు. మరుసటేడు గెలిచినప్పుడు మాత్రం కలాం గారినే ముందుకు తోశారు. కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో ఈ సంగతి చెప్పుకున్నారు. ధావన్ గారు పక్షులు ఎగిరే తీరు మీద పుస్తకం రాసిన మనిషి. మన పులికాట్‌కు వచ్చే పక్షులంటే ఆయనకు ప్రాణం. ఈ రోజు షార్‌కు, అంటే మన శ్రీహరికోట కేంద్రానికి, ఆయన పేరే పెట్టుకున్నాం.

ఎక్కడున్నాం? ఆ, మరుసటేడు. దానికి ముందు ఒక గ్రహణం ఉంది, అది చెప్పకపోతే మా అవ్వ ఊరుకోదు. 1980 ఫిబ్రవరి 16 మధ్యాహ్నం. కర్ణాటక తీరం నుంచి తెలంగాణ మీదుగా ఒడిశా దాకా సంపూర్ణ గ్రహణం. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు టెలిస్కోపులు బిగించుకుని కూర్చున్నారు. మనకు పాక్షికమే. అయినా వీధుల్లో పిట్ట లేదు. ఊరగాయ జాడీల మీద దర్భలు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు చీకటి గదుల్లో. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి అవ్వ రోకలి నిలబెట్టింది, అది నిలబడింది. గ్రహణ బలం అంది. మర్నాడు మా సైన్సు మాస్టారు ఇంటికి వచ్చి అదే పళ్లెంలో, అదే రోకలిని మళ్లీ నిలబెట్టి చూపించారు. అవ్వ తేరిపార చూసి, “నిన్నటి బలం ఇంకా దిగలేదులే” అంది. అట్టాంటి మనిషితో ఎవరు గెలుస్తారు? మాస్టారు కాఫీ తాగి పోయారు. కానీ గ్రహణం పట్టిన వేళ నన్నూ ఇంకో ఇద్దరినీ వేపచెట్టు కిందికి తీసుకుపోయి నేల చూపించింది కూడా ఆయనే. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలై ఉన్నాయి. వందల నెలవంకలు, మా పాదాల మీద కూడా.

గ్రహణం అంటే గుంటూరు చెప్పకుండా ఎట్టా ఉండను? 1868 ఆగస్టు 18 పొద్దున సంపూర్ణ గ్రహణం గుంటూరు మీదుగా పోయింది. అది చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఆయన సముద్రాలు దాటి వచ్చాడు. ఇంగ్లీషు వాళ్ల బృందం ఒకటి అదే ఊళ్లో దిగింది. మదరాసు వేధశాల పాగ్సన్ మచిలీపట్నం పోయాడు. ఆ వేధశాలలోనే పనిచేసే మన చింతామణి రఘునాథాచారి గారు వనపర్తి పోయారు. సూర్యుడు మూతపడ్డ ఐదు నిమిషాల పైచిలుకులో అంచున లేచే ఎర్రటి మంటల వెలుగును జాన్సెన్ విడగొట్టి చూసి, అవి మండే వాయువులని తేల్చాడు. ఆ గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ పట్టుకున్నాడు. ఆ వెలుగులోని ఒక పసుపు గీత అప్పటిదాకా ఎరిగిన ఏ పదార్థానిదీ కాదని ఇంగ్లండులో లాక్యర్ అనే ఆయన తేల్చాడు. అదే హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో. ఇప్పుడు మన రాకెట్లలో ఇంధనం ట్యాంకుల మీద ఒత్తిడి పెట్టేందుకు వాడేది ఆ హీలియమే. గుంటూరు అంటే మిరపకాయలే అనుకునే వాళ్లకు ఈ ముక్క చెప్పండి.

సరే. 1980 జులై 18, పొద్దున 8 గంటల 3 నిమిషాలు. మళ్లీ మిద్దెలు, మళ్లీ వెలుగు, మళ్లీ ఆ పొగ దారం. ఈసారి మిఠాయి ఎవరూ పంచలేదు. కొట్టాయన బుట్ట మీద గుడ్డ కప్పి, రేడియో దగ్గర చెవి పెట్టి కూర్చున్నాడు. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందని చెప్పాకే గుడ్డ తీశాడు. కుర్రాడిని జనం భుజాల మీద ఎత్తుకున్నారు. కళ్లద్దాలు ఎక్కడో పడిపోయాయి, మర్నాడు ఊరంతా కలిసి వెతికారు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని చెప్పను. ఏఎస్ఎల్‌వీ 1987లో పడింది, 1988లో మళ్లీ పడింది. పీఎస్ఎల్‌వీ మొదటిసారి, 1993లో, పడింది. అది 1994లో గెలిచి, చంద్రుడి మీదికీ అంగారకుడి మీదికీ దారి చూపింది. 2019లో చంద్రుడి మీద దిగబోయి మన ల్యాండర్ కూలితే, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 నెమ్మదిగా దిగింది. దిగిన చోటు చంద్రుడి దక్షిణ ధ్రువానికి దగ్గర. అంతవరకూ అక్కడ ఎవరూ దిగలేదు. ఆ సాయంత్రం నేను టీవీ ముందు చేతులు జోడించుకుని కూర్చున్నానని మీరు నవ్వారు. నవ్వండి. 17 టన్నుల రాకెట్ పడిపోతే ఏడ్చిన వాళ్లకు, 640 టన్నుల రాకెట్ చంద్రుడి దాకా సాగనంపడం చూస్తే చేతులు వాటంతటవే కలుస్తాయి.

అందుకే అబ్బయా, 2025 మేలో పీఎస్ఎల్‌వీ మూడో దశలో తేడా వచ్చి ఉపగ్రహం పోయినప్పుడు, నువ్వు “ఫెయిల్” అని ఒక్క మాట అనేసి అన్నానికి కూర్చుంటే నాకు కోపం వచ్చింది. అది శ్రీహరికోట నుంచి 101వ ప్రయోగం. లోపలున్న వాళ్లు ఎన్ని రాత్రులు నిద్ర మానుకుంటే ఒకటి లేస్తుందో మన వీధి వాళ్లకు తెలుసు. నువ్వు ఆ వీధి పిల్లాడివి.

ఆ తర్వాత రెండు నెలలకు, జులై 30 సాయంత్రం, నిసార్ ఉపగ్రహాన్ని పంపినప్పుడు మాత్రం నిన్ను మిద్దె ఎక్కించాను, గుర్తుందా? వెలుగు కనబడగానే లెక్కపెట్టమన్నాను. శబ్దం మన దాకా రావడానికి దాదాపు నిమిషం పడుతుంది, సెకనుకు 340 మీటర్లు కదా దాని నడక. నువ్వు నలభైలోనే లెక్క తప్పావు, పాప చివరిదాకా పెట్టింది. ఆ నిసార్ ఎవరిదనుకున్నారు? నాసా వాళ్లూ మన వాళ్లూ కలిసి చేసింది. ఏ నాసా వాళ్ల స్కైలాబ్ నెత్తిన పడుతుందని కోళ్లు కోసుకున్నామో, ఆ నాసా వాళ్ల రాడార్‌ను మన రాకెట్, మన దీవి నుంచే మోసుకుపోయింది. 12 మీటర్ల వెడల్పు జల్లెడ గొడుగు విప్పుకుని, పన్నెండు రోజులకోసారి భూమి మీది నేలంతా కొలుస్తోంది. ఎక్కడ నేల కుంగింది, ఎక్కడ మంచు జరిగింది, అంగుళాలలో చెబుతుంది. అవ్వ ఉంటే దాన్నేమనేదో!

మిద్దె మీది నుంచి చూసింది చాలు, ఈసారి లోపలికే పోదాం. షార్‌లో 2019 నుంచి జనం కూర్చుని చూసేందుకు గ్యాలరీ పెట్టారు. ముందే పేర్లు నమోదు చేసుకోవాలి, తెరిచిన కాసేపటికే నిండిపోతుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు. ముగ్గురి పేర్లూ నువ్వే కొట్టు అబ్బయా. నా ఆధార్ కార్డు బీరువాలో రెండో అరలో, పట్టుచీరల కింద ఉంది.